దీక్షలో అడగని కబురు

యుతాని, కుమనో కొండలు
1973 ఫిబ్రవరి

చిరంజీవి చెల్లెలు కినుయేను అన్న యసుతక ఆశీర్వదించి వ్రాయునది.

కుమనో మూడు క్షేత్రాలకు అధిదైవమైన గొంగెన్ స్వామి మేఘాలు దిగి, దేవదారు శిఖరాలు దిగి, ఒక పసివాని నుదుటి మీదికి దిగివచ్చే పుణ్యదినం సమీపిస్తున్నది. ఏప్రిల్ నెల రెండవ ఆదివారం మన యుతానిలో శిశువాహనోత్సవం. దాని అర్థం నీకు తెలియనిది కాదు; అయినా పలకడంలోనే పుణ్యమున్నది కనుక పలుకుతున్నాను. లోకాన్ని మోసే దేవుణ్ణి ఏడాదికొక్కనాడు మనిషి మోస్తాడు. తండ్రీ బిడ్డా వేడినీటి గుండంలో మునిగి, ఆ నీటితోనే కాచిన గంజి తాగుతారు. బిడ్డ నుదుట సింధూరంతో ‘మహత్తు’ అనే అక్షరం దిద్దుతారు. పిమ్మట తండ్రి వాణ్ణి భుజాలకెత్తుకొని కొండబాట వెంట గుడికి నడుస్తాడు. గుడి చేరేదాకా వాడి పాదం నేల తాకరాదు. తాకనంతసేపు వాడు బిడ్డ కాడు, స్వామి.

ఈ ఏడు యుతానిలో భుజానికెత్తుకొనే బిడ్డ లేడు. చెట్లు కొట్టేవాళ్ళు ఒసాకా వెళ్ళిపోయారు. నేను పాఠాలు చెప్పిన బడి మూసి, అందులో పుట్టగొడుగులు పెంచుతున్నారు. మన రక్తంలో బిడ్డ దొరకకపోతే ఉత్సవాన్ని వేడినీటి హోటళ్ళ సంఘానికి అప్పగించాలని గుడి పెద్ద కుహారా అంటున్నాడు. వాళ్ళు బస చేయవచ్చినవాళ్ళ పిల్లలను కూర్చోబెట్టి ఫొటోలు తీస్తారట.

నీ కొడుకు కెన్సకు మన ఇంట పుట్టినవాడు. సకాయి నగరం కాలిపోయి మీరు కొండకు వచ్చిన రోజుల్లో, తన తండ్రి తోకుజీ భుజాల మీద ఈ బాటనే ఊరేగినవాడు. కాబట్టి వాడి కొడుకు మినోరు మన స్వామికి సొంతబిడ్డ. నా మేనల్లుణ్ణి కొడుకుతో సహా పంపు. ఇది అన్నగా అడుగుతున్నది కాదు, ఊరి తరఫున అడుగుతున్నది.

కొత్త సంవత్సరపు కొమ్మలు గుమ్మం నుండి తీసిన నాటినుండి, నాన్నగారి తరువాత ఉత్సవం నడిపేవాణ్ణి కనుక, నేను దీక్షలో ఉన్నాను. వేరు పొయ్యి, వేరు నీరు. మాంసం ముట్టను, ఫోను మోగితే ఎత్తను, మైల ఉన్న గడప తొక్కను, చావుకబురు చెవిన వేసుకోను. చావు జరిగిన ఇంటివారు ఏడాదిపాటు ఈ ఉత్సవంలో మోయరాదు, మోయబడరాదు. తాతల నాటి కట్టు ఇది. ఆనాడు మార్చిలో నీ భర్త తోకుజీ చనిపోయినప్పుడు నేను రాలేకపోయిన కారణమూ అదే. నీవు అర్థం చేసుకున్నావనే నమ్మకంతో ఉన్నాను.

అన్న,
యసుతక

సకాయి
ఫిబ్రవరి చివర

అన్నయ్యకు నమస్కారం.

ఉత్తరం చేరింది. అక్షరాలు ఇంకా ముత్యాల్లాగే ఉన్నాయి. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో మాత్రం ఎక్కడా రాయలేదు. ఉప్పునీటి కాపడం పెడుతున్నావా? ఇక్కడ చలి విరగలేదు. పక్క కొట్లో కత్తులు సానపట్టే చప్పుడుకు మినోరు నిద్ర లేచి, తనూ పళ్ళు కొరుకుతూ అలాగే చప్పుడు చేస్తాడు. కోడలు ఫుమి చేపల బజారులో పనికి వెళ్తోంది. పిల్లాడు రోజంతా నా దగ్గరే.

కెన్సకు రాలేడు.

ఎందుకు రాలేడో ఒక కబురు ఉంది. నీ దీక్షలో వినకూడని రకం కబురు. ఆ నియమాలు నాన్నగారు నీకు నేర్పుతుంటే తలుపు చాటున నిలబడి నేనూ విన్నాను, నాకూ తెలుసు. నిన్ను మైలపరచిన పాపం నాకొద్దు. అందుకని ఇప్పటిదాకా రాయలేదు. కానీ నువ్వు ఒక్కమాట, “ఏమైంది కినుయే?” అని అడిగితే రాస్తాను. అడగకపోతే రాయను.

అంతే. కొత్త ముల్లంగి ఊరగాయ వేరే పొట్లంలో పంపుతున్నాను. నేనే ఊరవేశాను. నీ దీక్షకు పనికిరాదనుకుంటే స్నానసత్రం ఓసవ వదినకు ఇచ్చెయ్యి.

కినుయే

యుతాని
మార్చి మొదటివారం

చిరంజీవి కినుయేకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. ఎవరో పెద్దవారు పోయి ఉంటారు. నీ అత్తింటివైపు ముసలివారు చాలామంది ఉన్నారు కదా. పండుటాకులు రాలక మానవు. వారికి సద్గతి కలుగుగాక అని, పేరు తెలియకుండానే, తూర్పు తిరిగి ఒక నమస్కారం చేశాను. పేరు తెలిసినంత మాత్రాన నమస్కారం ఎక్కువ ఫలించదు. దీక్ష అంటే చెవికి తాళం వేసుకొనడం కాదమ్మా, చెవిని దేవునికి అప్పగించడం. ఉత్సవం ముగిసిన మర్నాడే రాయి. తప్పక వింటాను.

అయితే ఆ సాకు కెన్సకుకు చెల్లదు. నీ అత్తింటి దూరపు మైల మూడో తరానికి అంటదు. నిన్న గుడి అరుగు మీద జరిగినది యథాతథంగా రాస్తున్నాను.

“మాస్టారూ, మీ మేనల్లుడు వస్తున్నట్టా రానట్టా? హోటలువాళ్ళు కొత్త డోలు కూడా కొనేశారు. చెప్పేస్తే ఎవరి పని వాళ్ళు చూసుకుంటాం” అన్నాడు కుహారా.

స్నానసత్రం నడిపే ఓసవ అక్కడే కూర్చుని అడవిదుంపలు చెక్కు తీస్తున్నది. “నీకెందుకయ్యా అంత తొందర! బిడ్డ దొరక్కపోతే నిన్నే ఎక్కించుకుంటార్లే. పళ్ళెలాగూ లేవుగా, గంజి నీకూ సరిపోద్ది” అన్నది.

“నన్నెత్తుకునే మొనగాడెవడే?”

“ఎత్తుకోవడం ఎందుకు, దొర్లించుకుపోతారు!”

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నాకు పరిహాసం చేదు కాదు. ఆ నవ్వులో ఉత్సవం మీద ఆశ వదులుకున్న తేలిక వినిపించింది. నేను లేచి, “మా మేనల్లుడు వస్తాడు” అని మాట ఇచ్చేశాను.

కాబట్టి వాడికి నా మాటగా చెప్పు. ఊరందరి సరుకూ లారీలో మోసేవాడికి కన్నకొడుకును ఒక్క పూట మోయడం బరువైందా? నిద్రమత్తులో పడి ఉంటే నీళ్ళు చల్లి లేపు. మేనమామ పిలుపు వినిపించుకోనివాడు రేపు ఎవరి పిలుపు వింటాడు?

ఊరగాయ అందింది. నీవు చెప్పినట్టే ఓసవకు ఇచ్చాను.

యసుతక

సకాయి
మార్చి చివర

అన్నయ్యకు.

నువ్వు అడగలేదు.

నీ ఉత్తరం ఫుమికి చదివి వినిపించాలా వద్దా అని రెండు రోజులు కొంగున దాచుకు తిరిగాను. చివరకు తనే తీసి చదువుకుంది. “నీళ్ళు చల్లి లేపు” అన్న చోట ఆగింది. తర్వాత బియ్యం కడగడానికి లేచింది.

తోకుజీ పోయినప్పుడు నేను అర్థం చేసుకున్నానని నమ్ముతున్నానన్నావు. ఏం అర్థం చేసుకున్నానో చెప్తాను. కాష్ఠం చల్లారాక ఎముకలు ఏరేటప్పుడు ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడాలి. ఒకే ఎముకను ఇద్దరూ పుల్లలతో కలిపి పట్టి కుండలో వేయాలి. ఒక్కరు చేయగూడని పని అది. నా ఎదుట నిలబడవలసినవాడివి నువ్వు. కత్తుల కొట్టు ఆయన నిలబడ్డాడు. పాపం మంచి చెయ్యి, జారనివ్వలేదు. కానీ పరాయి చెయ్యి. “మీ అన్నగారు రాలేదా?” అని ఆయన అడిగితే, “దేవుడితో పనిలో ఉన్నారు” అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ నోరు చేదుగా ఉంటుంది.

అంతటి పని ఈ ఇంట్లో మళ్ళీ వచ్చింది. అప్పుడు నీకు కబురు పెట్టలేదు. ఇంతకంటే నేను రాయను. నువ్వు చదువుకున్నవాడివి.

నువ్వు పిలిచిన చోటికి మినోరును పంపనని నేను అన్నాను. ఫుమి వినడం లేదు. తండ్రి భుజాల మీద ఎక్కి ఆ బాటన వెళ్ళానని కెన్సకు పెళ్ళైన కొత్తలో చెప్పేవాడట, కొడుకు పుడితే అలాగే తీసుకెళ్తానని మాటిచ్చాడట. ఆ మాట తీరుస్తానంటోంది. నేను ఒక్కటే చెప్పాను: “ఎవరైనా అడిగితే అబద్ధం ఆడకు. అడగకపోతే నీ అంతట నువ్వు చెప్పకు.” ఉత్సవానికి ముందురోజు సాయంత్రం బస్సుకు వస్తుంది.

నేను రాను.

కినుయే

యుతాని
ఏప్రిల్, ఉత్సవం ముగిసిన మర్నాడు

చిరంజీవి కినుయేకు.

జరిగినది జరిగినట్టు రాయడం నా ధర్మం.

ఫుమి ముదురు నీలం కోటు వేసుకొని, బిడ్డను వీపున కట్టుకొని ఒంటరిగా బస్సు దిగింది. నేను బస్సు దగ్గరికి వెళ్ళాను. దారి ఎలా సాగిందని అడిగాను. మలుపుల్లో మినోరు కక్కుకున్నాడని చెప్పింది. ఇంటికి తెచ్చి, దీక్ష పొయ్యికి దూరంగా వేరే గదిలో విడిది ఇచ్చాను. భోజనమయ్యాక ఆమె తినే పుల్లలు పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకొని నా ఎదుట కూర్చున్నది. చక్రవర్తులు సన్యసించి ఈ బాటన నడిచిన సంగతీ, ఒక్కొక్క మలుపులో విడిది చేసి పద్యగోష్ఠి జరిపిన సంగతీ నేను వివరంగా చెప్పాను. ఆమె ఊకొడుతూ విన్నది. నేను ఆగాక, “మామయ్యగారూ, నన్నింకేమైనా అడగాలా మీరు?” అన్నది.

“బిడ్డకు వేడినీళ్ళంటే భయమా?” అని అడిగాను.

“లేదండీ” అని లేచి వెళ్ళింది.

తెల్లవారి గుండంలో బిడ్డను నేనే ముంచాను. భయపడకపోవడమే కాదు, గంధకం వాసనకు ముక్కు ఎగబీలుస్తూ నవ్వాడు. గంజి తాగాడు. సింధూరం దిద్దుతుంటే కదలలేదు. వాణ్ణి భుజాలకెత్తుకున్నాను. నా మోకాళ్ళ సంగతి అడిగావు కనుక చెబుతున్నాను, పైకి ఎక్కే రాళ్ళ దగ్గర అవి నావి కావనిపించింది. అయినా ఎక్కాను. నాచు పట్టిన మెట్లూ, వాన నీరు కారే వేళ్ళూ, వెనుక డోలు, ముందు గంట. కనుమ మీద బిడ్డ తల నా తల మీదికి వాలింది. నిద్రపోయాడు. బిడ్డ నిద్రపోతే స్వామి దిగివచ్చినట్టు. “వచ్చాడు, వచ్చాడు” అని డోలు వాయించేవాడు అరిచాడు. నా కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో అంత నిండుగా స్వామి రావడం నేనెరగను.

గుడి తోరణం ముందు కుహారా నిలబడి ఉన్నాడు. వాడికి నోరు ఊరుకోదు. ఫుమితో, “ఏమ్మా, మీ ఆయనకి భుజాలు అరిగిపోయాయా? పాపం ముసలాయన చేత మోయించావు! మావాడు లారీలో పడుకున్నాడా ఏంటి?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఫుమి వాడి ముఖంలోకి చూసి, “ఆయన్ని నేనే మోశానండీ. బరువేం లేడు. ఒక కుండలో పట్టాడు” అన్నది.

డోలు ఆగిపోయింది.

“ఎప్పుడు?” అన్నాడు కుహారా.

“జనవరిలో.”

కుహారా టోపీ తీసి చేత పట్టుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, “మాస్టారూ, మీకు తెలుసా?” అని అడిగాడు. నేను మౌనం వహించాను. ఆ స్థితిలో మౌనమే శాస్త్రసమ్మతం.

ఓసవ గట్టిగా అన్నది: “అయితే ఏంటంట? కుష్ఠు వచ్చినోళ్ళనీ, ముట్టైన ఆడోళ్ళనీ రండి రండని పిలిచిన దేవుడు మనోడు. వేరే చోట తరిమేస్తే ఇక్కడికొచ్చేవోళ్ళు. తండ్రి లేని పసిగుడ్డు ఆయనకి బరువా? నడవండి మాస్టారూ!”

ఆమె చెప్పినదానికి ఆధారాలు నాకు కంఠస్థం. కానీ కుహారా మెల్లగా, “మా అమ్మ పోయిన ఏడు నన్ను ఈ తోరణం బయటే నిలబెట్టింది మీరే కదా మాస్టారూ. మూడడుగులు వెనక్కి జరగమన్నారు. జరిగాను” అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

నేను మోకాళ్ళు వంచి బిడ్డను నేల మీద దించాను.

వాడు మేలుకున్నాడు. చుట్టూ చూశాడు. గుడి లోపల మెట్టు మీద పెద్ద డోలు కనబడింది కాబోలు, దాని కోసం తప్పటడుగులతో తోరణం దాటి లోపలికి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు. పసివాణ్ణి ఏమని ఆపుతారు? ఫుమి వెనకే వెళ్ళింది. ఓసవ చేతిలోని దుంపల బుట్ట అక్కడే వదిలి పరుగున వెళ్ళి ఫుమి చెయ్యి పట్టుకున్నది. “ఎలా పోయాడమ్మా?” అని అడగడం వరకు నాకు వినిపించింది. ఆపై వాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు. ఫుమి పెదవులు చాలాసేపు కదిలాయి. నేను మైలవాణ్ణి కనుక తోరణానికి ఇవతలే నిలబడ్డాను. అంత దూరానికి మాట అందలేదు.

ఉత్సవం అక్కడితో ఆగింది. వచ్చే ఏటినుండి హోటళ్ళ సంఘం జరుపుతుందని కుహారా ప్రకటించాడు.

దీక్ష ముగిసింది కనుక నీవు చెప్పదలచినది ఇప్పుడు రాయవచ్చు. ఆగస్టులో పితృదేవతలు ఇళ్ళకు వచ్చే బోన్ పండుగ కెన్సకుకు మొదటిది. ఆ దినాలకు వచ్చి సూత్రపఠనం నేనే చేస్తాను.

యసుతక

సకాయి
మే

యసుతక గారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందేలోపే ఫుమి అంతా చెప్పింది. అది లేని మాట కలపదు, ఉన్న మాట దాచదు. కుహారా అడిగినప్పుడు మీరు మౌనం వహించారని రాశారు. మీరు మౌనంగా లేరు. “నాకెవరూ చెప్పలేదు” అన్నారు. ఊరందరి ముందూ అన్నారు. ఫుమి మీ పక్కనే ఉంది.

నిజమేగా, ఎవరూ చెప్పలేదు. మీరు ఎక్కడా అబద్ధం ఆడరు. అంత చదువు ఉంటే అబద్ధం అవసరం రాదు.

మీ మీద నాకు కోపం ఎందుకో మీకు తెలియాలి. మీరు బిడ్డను నేల దించినందుకు కాదు. ఎత్తుకుని లోపలికి వెళ్ళినా నాకు ఒరిగేదేమీ లేదు. అంత దూరం వాణ్ణి మోశారు. మీ తల మీద వాడి తల పెట్టుకుని మోశారు. వాడి నాన్న ఏడని ఒక్క అడుగులోనూ అడగాలనిపించలేదా? రెండు ఉత్తరాల్లో నేను వాకిట నిలబడి తలుపు కొట్టాను. ఓసవ వదిన మాకు ఏమీ కాదు. ఫుమిని ఆవిడ అడిగిన మొదటి మాటే, ఎలా పోయాడని.

జనవరిలో ఎముకలు ఏరినప్పుడు నా ఎదుట ఫుమి నిలబడింది. మా పుల్లల మధ్యనుంచి ఒక ఎముక జారి పళ్ళెంలో పడింది. ఆ చప్పుడు మీకు చెప్పాలనుకున్నాను. వాడెలా పోయాడో, ఆఖరున ఎవరి పేరు పిలిచాడో, అవీ చెప్పాలనుకున్నాను. ఇప్పుడు రాయవచ్చు అని అనుమతి ఇచ్చారు. అనుమతి మీద రాసేవి కావు అవి.

తొలి బోన్ పండుగకు రావద్దు. సూత్రం చదవడానికి వీధి చివర గుడిలో కుర్ర పూజారి ఉన్నాడు. తప్పులు చదువుతాడు, కానీ చదువుతూ ఏడుస్తాడు.

కినుయే

యుతాని
జూన్, వానలు పట్టిన వారం

కినుయేకు.

ఫుమి చెప్పినది నిజం.

నీవు రావద్దన్నావు, రాను. గుడి తాళాలు కుహారాకు ఇచ్చేశాను. హోటలువాళ్ళు అప్పుడే బాట పక్కన తాళ్ళు కట్టి, రాళ్ళ మీది నాచు గీకిస్తున్నారు. వచ్చే వసంతానికి దూరదేశాలవాళ్ళు కూడా బిడ్డలను తెస్తారట. ఓసవ నాతో మాట్లాడుతూనే ఉంది. ఆమె ఎవరితోనూ మానదు. ఆమెను అడిగితే కెన్సకు సంగతంతా చెబుతుంది. అడగలేదు. అది ఆమె దగ్గర అడిగి తెలుసుకోవలసినది కాదు.

ఏమైంది కినుయే? వాడెలా పోయాడు?

నీవు జవాబు రాయకపోవచ్చు. రాయవలసిన కాలంలో అడగనివాడికి రాయనవసరం లేదు. అయినా అడిగాను. ఈ వాక్యం ఈ కాగితం మీద ఉండాలి.

ఇకమీదట ఏ బిడ్డ ఎవరి భుజాలెక్కి ఆ కొండబాటన వచ్చినా, వాడు మా ఊరివాడు కాకపోయినా, మా భాష రాకపోయినా, వాడికి శుభమగుగాక. గుండం నీరు వాడి ఒంటికి హితమగుగాక. కనుమ మీద వాడికి కమ్మని నిద్ర పట్టుగాక. వాడి పాదం నేల తాకితే ఆ నేలే పవిత్రమగుగాక. వాడి ఇంట ఏడుపు పుట్టిననాడు, తన దీక్షలన్నీ గడప బయట విడిచి, కాళ్ళు కడుక్కోకుండానే లోపలికి పరుగెత్తి వచ్చే మేనమామ వాడికి దొరుకుగాక.

యసుతక